ఫోన్‌లో తుపాకీ ఆట ఆడే పిల్లవాడు చెడిపోతాడా?

ఓ.పి.లో జ్వరానికో, కడుపునొప్పికో పిల్లలను చూపించుకుని వెళ్ళబోతూ చాలామంది తల్లులు ఒక మాట అడుగుతుంటారు: "డాక్టరు గారూ, మా వాడు ఎప్పుడు చూసినా ఫోన్‌ల తుపాకీ కాల్చే ఆటనే ఆడుతుంటడు. పెద్దయినంక గట్లనే తయారయితడా?" మన సంఘ కుటుంబాలలో కూడా ఈ చింత ఉన్నది. అందుకే ఈసారి ఆరోగ్య వ్యాసానికి ఈ ప్రశ్ననే తీసుకున్నాము.

దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. కానీ ప్రపంచంలో ఎన్నో దేశాలలో శాస్త్రజ్ఞులు నలభై ఏళ్ళకు పైగా ఈ విషయాన్ని పరిశీలిస్తున్నారు. వారు తెలుసుకున్నదాన్ని మన ఇళ్ళకు అన్వయించి చూసుకుంటే అక్కరలేని భయం తగ్గుతుంది. నిజంగా జాగ్రత్తపడవలసిన చోటు ఏదో తెలుస్తుంది.

ఈ ఆటలు మన ఊళ్ళకు ఎలా వచ్చాయి?

ఒకప్పుడు వీడియో గేము ఆడాలంటే పట్నంలో గేమ్ పార్లరుకు పోవాలి, లేదా ఇంట్లో కంప్యూటరు ఉండాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత ఇంటర్నెట్ చవక అయింది. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. వంద మంది ఆటగాళ్ళు ఒక దీవిలో దిగుతారు. అక్కడ దొరికిన ఆయుధాలు ఏరుకుని ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి ఒక్కడు, లేదా ఒక్క జట్టు మిగలాలి. అదే ఆట. ఫ్రీ ఫైర్ వంటివి తక్కువ ధర ఫోన్లలో కూడా ఆడేందుకు వీలుగా వచ్చాయి. రెండేళ్ళు తిరగకముందే పట్నం కుర్రాళ్ళ ఆట పల్లె అరుగుల మీదికి చేరింది.

దానితోపాటే భయమూ వచ్చింది. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పోలీసులు పబ్‌జీని నిషేధించి, ఆడుతున్న విద్యార్థులను అరెస్టు కూడా చేశారు. మరుసటి నెల మొదట్లో మన హైదరాబాదులోని మల్కాజిగిరిలో పదవ తరగతి చదువుతున్న ఒక అబ్బాయి, ఆట మానేసి పరీక్షకు చదువుకోమని తల్లి మందలించిన తరువాత ప్రాణం తీసుకున్నాడు. ఆ వార్త విన్న ప్రతి తల్లి గుండె ఆగినంత పనయింది. బిడ్డను ఇక ఏమీ అనకూడదేమోనని కొందరు, ఫోనే ఇవ్వకూడదని కొందరు అనుకున్నారు.

తరువాత కరోనా వచ్చింది. 2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇంట్లో ఫోనే బడి అయింది. సరిగ్గా మరునాడు, సెప్టెంబరు 2న, కేంద్ర ప్రభుత్వం పబ్‌జీతో సహా 118 యాప్‌లను నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ కూడా ఆ జాబితాలో చేరింది. చాలామంది ఈ నిషేధం హింస వల్ల వచ్చిందనుకుంటారు. ప్రభుత్వం చెప్పిన కారణం దేశ భద్రత, ప్రజల సమాచారం బయటి దేశాలకు పోతుందన్న అనుమానం. పిల్లల మనసు గురించి ఆ ఉత్తర్వు ఏమీ తేల్చలేదు. పబ్‌జీ బి.జి.ఎం.ఐ. అనే పేరుతో 2021లో తిరిగి వచ్చింది, 2022లో మళ్ళీ తీసివేయబడింది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. అంటే ఆటలు వస్తుంటాయి, పోతుంటాయి. ఇంట్లో ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది.

కోపం వేరు, హింస వేరు

ముందుగా రెండు మాటలను విడదీసి చూడాలి. కేకలు వేయడం, తమ్ముణ్ణి తోసెయ్యడం, తలుపు ధడాలున వెయ్యడం, ఎదురు మాట్లాడడం. ఇవి దూకుడు ప్రవర్తన. ఒకరిని గాయపరచడం, ఆయుధం ఎత్తడం, ప్రాణం తీయడం. ఇది హింస. మొదటిది ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుంది. రెండవది అరుదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడడం వల్లనే ఇంత గందరగోళం.

అమెరికాలోని మానసిక శాస్త్రజ్ఞుల సంఘం, ఏ.పి.ఎ., ఉన్న పరిశోధనలన్నిటినీ మళ్ళీ పరిశీలించి 2020 మార్చిలో తన అభిప్రాయాన్ని ప్రకటించింది. హింసతో కూడిన ఆటలకూ అరవడం, తోయడం వంటి దూకుడుకూ మధ్య చిన్నపాటి సంబంధం కనిపిస్తున్నది. కానీ ఈ ఆటల వల్లనే మనుషులు నిజంగా హింసకు దిగుతారని చెప్పడానికి తగిన ఆధారం లేదు. అంతేకాదు, ఎక్కడ ఘోరం జరిగినా నేరం ఆటల మీదికి తోస్తే అసలు కారణాల మీద దృష్టి పోదని కూడా ఆ సంఘం హెచ్చరించింది. ఆ అసలు కారణాలలో ముఖ్యమైనది, ఆ మనిషి జీవితంలో అంతకుముందే హింస ఉండడం. ఈ మాటకు తరువాత వస్తాము.

పరిశోధనలు ఎలా చేస్తారు?

దూకుడును కొలవడం సులువు కాదు. పరిశోధన గదిలో ఒక మనిషిని ఇంకొకరిని కొట్టమని చెప్పలేము కదా. అందుకని కొన్ని ఉపాయాలు కనిపెట్టారు. కొంతసేపు ఆట ఆడించి, తరువాత కారం ఇష్టం లేని ఇంకొక మనిషికి పెట్టే తిండిలో ఎంత కారం కలుపుతాడో చూస్తారు. ఎక్కువ కారం కలిపితే దూకుడు పెరిగిందని లెక్క. ఇటువంటి పరీక్షల్లో తేడా కొన్నిసార్లు కనిపించింది. కానీ పళ్ళెంలో ఇంకో చెంచా కారం వేయడానికీ, వీధిలో మనిషిని కొట్టడానికీ ఎంతో దూరం.

రెండవ పద్ధతి, వేలమంది పిల్లలను కొన్ని నెలలు, ఏళ్ళపాటు గమనించడం. ఇటువంటి 24 అధ్యయనాలను, 17,000 మందికి పైగా పిల్లలను కలిపి చూసిన నివేదిక ఒకటి 2018లో వచ్చింది. హింసాత్మక ఆటలు ఆడే పిల్లలలో కొంతకాలానికి చేయి చేసుకోవడం కొద్దిగా పెరిగినట్టు అందులో కనిపించింది. ఆ పెరుగుదల చాలా చిన్నది, కానీ లేదని అనలేము.

ఇంకో వైపు, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ షిబిల్‌స్కీ బృందం 2019లో బ్రిటన్‌కు చెందిన వెయ్యి మంది పిల్లలను, 14, 15 ఏళ్ళ వారిని, పరిశీలించింది. పిల్లల మాట మీదనే ఆధారపడకుండా, వారి ప్రవర్తన ఎలా ఉందో తల్లిదండ్రులనే అడిగింది. ఏ ఆట ఎంత హింసాత్మకమో కూడా అధికారిక వయసు గుర్తులను బట్టి తీసుకున్నది. ఆటకూ దూకుడుకూ సంబంధమే కనిపించలేదు. జర్మనీలో 2018లో వెలువడిన ఇంకొక అధ్యయనంలో పెద్దవారి చేత రెండు నెలలపాటు ప్రతిరోజూ గ్రాండ్ థెఫ్ట్ ఆటో అనే ఆట ఆడించారు. అందులో దొంగతనాలు, కాల్పులు ఉంటాయి. రెండు నెలల తరువాత కూడా వారి దూకుడులో చెప్పుకోదగిన మార్పు రాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కోపిష్టి పిల్లవాడు తుపాకీ ఆట ఎక్కువ ఆడుతున్నాడంటే, ఆట వల్ల కోపం వచ్చిందా, కోపం ఉన్నందున ఆ ఆటను ఎంచుకున్నాడా? వీధిలో గొడుగులు ఎక్కువ కనిపించిన రోజు వాన ఎక్కువ పడుతుంది. గొడుగుల వల్ల వాన పడిందని ఎవరూ అనరు. పిల్లల విషయంలో మాత్రం ఆ పొరపాటు మనం సులువుగా చేస్తాము.

జపాన్, దక్షిణ కొరియా దేశాల పిల్లలు వీడియో గేములు బాగా ఆడతారు. ప్రపంచంలో హత్యలు అతి తక్కువగా జరిగే దేశాలలో ఆ రెండూ ఉన్నాయి. ఆటే మనిషిని హంతకుణ్ణి చేసేదైతే లెక్క ఇలా ఉండదు.

మరి ఆ ఘోరాలు?

"మరి పేపర్లలో వచ్చే వార్తల సంగతేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2019 సెప్టెంబరులో కర్ణాటకలోని బెళగావి దగ్గర, ఫోన్‌లో ఆట ఆడవద్దన్న తండ్రిని 21 ఏళ్ళ కొడుకు చంపాడని పోలీసులు చెప్పారు. 2022 జూన్‌లో లక్నోలో 16 ఏళ్ళ అబ్బాయి తండ్రికి లైసెన్సు ఉన్న తుపాకీతో తల్లిని కాల్చాడని, ఆట ఆడనివ్వకపోవడమే కారణమని పోలీసులు మొదట చెప్పారు.

ఈ రెండు సంఘటనలనూ, మల్కాజిగిరి సంఘటననూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆటలో చూసిన దాన్ని వీధిలో చేసి చూద్దామని ఈ ముగ్గురిలో ఎవరూ బయలుదేరినట్టు వార్తల్లో లేదు. మూడు చోట్లా వార్తల్లో కనిపించేది ఒక్కటే: ఆట ఆపమన్న వేళ, ఇంట్లోవాళ్ళతో గొడవ. దాని వెనుక ఇంకా ఏమేమి ఉన్నాయో, నిద్రలేమో, దిగులో, మానసిక జబ్బో, ఎప్పటినుండో నలుగుతున్న తగాదానో, పేపరు వార్తలో రెండు వాక్యాలు చదివి మనం చెప్పలేము. ఒక్క మందలింపు వల్లనే ఒక బిడ్డ ప్రాణం తీసుకుంటాడని ఏ వైద్యుడూ అనడు. అటువంటి ప్రతి మరణం వెనుక ఎన్నో కారణాలు ముడిపడి ఉంటాయి. మందలించిన తల్లిని తప్పుపట్టడం అన్యాయం, క్రూరం కూడా.

మనం ఇందులో నేర్చుకోవలసినది ఏమిటంటే, ప్రమాదం పొంచి ఉన్న చోటు తెరమీది తుపాకీ కంటే ఎక్కువగా ఆట ఆపే ఆ ఐదు నిమిషాలు. పిల్లవాడి కోపం, పెద్దవాళ్ళ కోపం ఎదురెదురుగా నిలబడేది అప్పుడే.

పిలిచినా ఎందుకు రాడు?

పాతకాలం ఆటలలో మధ్యలో ఆపి, అన్నం తిని వచ్చి, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఇప్పటి పోరాట ఆటలు అలా కావు. ఎదుటి ఆటగాళ్ళు నిజమైన మనుషులు, ఎక్కడెక్కడో కూర్చుని ఆ క్షణంలోనే ఆడుతుంటారు. ఒక్కో ఆట ముగియడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపే మీట లేదు. నలుగురు కలిసి జట్టుగా ఆడితే, ఒకడు వదిలేసి వెళ్ళగానే మిగతా ముగ్గురూ తిడతారు. కాబట్టి "వస్తున్న, వస్తున్న" అంటూ కదలని పిల్లవాడు ప్రతిసారీ అమ్మ మాటను లెక్కచేయక అలా చేయడం లేదు. కబడ్డీలో కూతకు వెళ్ళినవాణ్ణి మధ్యలో పిలిస్తే ఎలా ఉంటుందో వాడికి అలా ఉంటుంది.

అటువంటి సమయంలో ఫోన్ లాక్కుంటే ఏమవుతుంది? అప్పటికే వాడి గుండె వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది, ఒళ్ళంతా పోటీ వేడిలో ఉంటుంది. పైగా ఓడిపోయాడు, స్నేహితుల ముందు అవమానం. అరుస్తాడు, విసిరేస్తాడు. "చూశారా, ఆట వీణ్ణి రాక్షసుణ్ణి చేసింది" అంటాము. అసలు ఆ కోపంలో సగం, ఆపిన తీరు వల్ల వచ్చింది.

ఈ సంగతి తెలిసిన తల్లి ఇలా అంటుంది: "బిడ్డా, ఈ ఆట అయిపోవుడుకు ఇంక ఎంతసేపు పడతది? అయినంక ఇంకోటి మొదలుపెట్టకు, బువ్వ తిందాం రా." చాలా ఇళ్ళలో ఈ రెండు మాటలతోనే సగం గొడవలు తగ్గుతాయి.

నిద్ర దొంగ

వైద్యులుగా మాకు ఎక్కువ ఆందోళన కలిగించేది నిద్ర. 6 నుండి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏళ్ళవారికి 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాటాక దుప్పటి కింద ఫోన్ వెలుగుతున్నదంటే, ఆ పిల్లవాడికి ఉదయం బడి సమయానికి చాలినంత నిద్ర ఉండదు. పెద్దవాళ్ళకైతే నిద్ర చాలకపోతే ఒళ్ళు బరువుగా ఉంటుంది, ఆవలింతలు వస్తాయి. పిల్లలలో మాత్రం అది తరచుగా చిరాకుగా, మొండితనంగా, చిన్న మాటకే భగ్గుమనడంగా కనిపిస్తుంది. పాఠం తలకెక్కదు, తలనొప్పి అంటాడు, పొద్దున్నే తినడు.

అప్పుడు తప్పు ఎవరిది? ఆటలోని తుపాకీదా, పోయిన నిద్రదా? రాత్రంతా లూడో ఆడినా కోపం ఇలాగే వస్తుంది. కాబట్టి ఎంత హింస ఉన్న ఆట అని అడిగే ముందు, ఏ వేళలో, ఎంతసేపు అని అడగండి.

పత్తి ఏరడానికి పొద్దున్నే చేనుకు వెళ్ళేవారు, సిరిపురం, వెల్లంకి వంటి ఊళ్ళలో రోజంతా మగ్గం మీద కూర్చునేవారు, పనికి బస్సెక్కి పోయి చీకటి పడ్డాక వచ్చేవారు మన పాఠకులలో చాలామంది. పిల్లవాడు ఇంటి దగ్గర ఒక్కడే ఉంటే ఫోన్ ఇచ్చి పోవడం తప్ప దారి లేకపోవచ్చు. దానికి మీరు సిగ్గుపడనక్కరలేదు. పగలు అదుపు కుదరకపోయినా రాత్రి అదుపు మీ చేతిలో ఉంటుంది. నిద్రను కాపాడితే సగం కాపాడినట్టే.

నిజమైన హింస పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు?

ఇందాక ఒక మాట దగ్గర ఆగాము. పెద్దయ్యాక హింసకు దిగేవారి జీవితాలను వెనక్కి తిరిగి చూస్తే, చిన్నప్పుడు దెబ్బలు తినడం, ఇంట్లో కొట్లాటలు చూడడం ఎక్కువగా కనిపిస్తాయి. తెరమీద పడిపోయిన బొమ్మ మరో ఆటలో లేచి పరుగెత్తుతుంది, అది పిల్లవాడికి తెలుసు. తాగి వచ్చిన నాయన అమ్మను కొట్టినప్పుడు ఆ దెబ్బ నిజమైనదని కూడా వాడికి తెలుసు. మరునాడు ఎవరూ దాని గురించి మాట్లాడకపోవడం, ఇరుగుపొరుగు ఊరుకోవడం కూడా వాడు చూస్తాడు. కోపం వస్తే బలవంతుడు కొట్టవచ్చు, ఎవరూ ఏమీ అనరు అనే పాఠం అక్కడ దొరుకుతుంది. ఏ ఆటా ఇంత గట్టిగా నేర్పలేదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. అటువంటి ఇంట్లో పిల్లవాడు ఫోన్‌లోకి పారిపోతాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే కేకలు వినబడవు. ఆటలో గెలిచేవాడు తానే, శాసించేవాడు తానే. బయటివారికి కనిపించేది తుపాకీ ఆటకు బానిసైన కుర్రవాడు. వాడు దేన్నుండి దాక్కున్నాడో అడిగేవారు తక్కువ. అందుకే ఆటను గురించి వచ్చిన తల్లిదండ్రులను వైద్యులు ఇంటి సంగతులు, తాగుడు సంగతులు అడిగితే నొచ్చుకోవద్దు. వైద్యంలో అది ఒక భాగం.

ఆట మాన్పించడానికి బెల్టు తీసే తండ్రులు కూడా ఈ మాట ఆలోచించాలి. కొట్టడం తప్పని చెప్పడానికి కొట్టడం ఎలా పనికొస్తుంది?

చిన్న పిల్లల సంగతి వేరు

పైన చెప్పినవి ఎక్కువగా పదేళ్ళు దాటినవారి గురించి. అయిదారేళ్ళ పిల్లలకు ఆటకూ నిజానికీ మధ్య గీత ఇంకా గట్టిపడదు. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో ఆల్బర్ట్ బందూరా అనే శాస్త్రజ్ఞుడు 72 మంది చిన్న పిల్లలతో ఒక పరీక్ష చేశాడు. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి తన్నడం, సుత్తితో కొట్టడం చూసిన పిల్లలు, తరువాత తామూ అచ్చంగా అలాగే చేశారు. రెండేళ్ళ తరువాత సినిమాగా చూపించినా అదే జరిగింది. బొమ్మను కొట్టడం మనిషిని కొట్టడం కాదు, నిజమే. కానీ ఆ వయసు పిల్లలు చూసింది చూసినట్టు చేస్తారని అందరికీ అర్థమయింది.

మనకు శక్తిమాన్ రోజులు గుర్తున్నాయి. 1997 నుండి దూరదర్శన్‌లో ఆ సీరియల్ వస్తున్నప్పుడు, ఆయన వచ్చి కాపాడతాడని నమ్మి పిల్లలు ప్రమాదాలు తెచ్చుకుంటున్నారన్న వార్తలు దేశమంతా కలవరం రేపాయి. ఆ వార్తలన్నీ ఎంతవరకు నిజమో గానీ, చిన్న వయసులో ఊహను నిజమనుకోవడం సహజం.

కాబట్టి అన్నం తినిపించడానికి రెండేళ్ళ పాపకు ఫోన్ ఇవ్వడం, అన్న ఆడుతున్న కాల్పుల ఆటను నాలుగేళ్ళ తమ్ముడు పక్కన కూర్చుని చూడడం మంచిది కాదు. భారత పిల్లల వైద్యుల సంఘం సలహా ప్రకారం రెండేళ్ళ లోపు వారికి తెర చూపించకూడదు. రెండు నుండి అయిదేళ్ళ వారికి రోజుకు గంట మించకూడదు. ప్లే స్టోర్‌లో ప్రతి ఆట పేరు దగ్గర 3+, 7+, 12+, 16+, 18+ అనే గుర్తు ఉంటుంది. అది ఆట ఎంత కష్టమో చెప్పే గుర్తు కాదు, ఏ వయసు దాటినవారికి తగునో చెప్పే గుర్తు. బి.జి.ఎం.ఐ. 2023లో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్ళ లోపువారికి రోజుకు 3 గంటల హద్దు పెట్టారు. నాయన వయసు వేసి ఖాతా తెరిస్తే ఆ హద్దు పిల్లవాడికి పనిచేయదు. ఖాతా ఎవరి పేరున ఉందో ఒకసారి చూడండి.

డబ్బు ఆటలను మరిచిపోవద్దు

తుపాకీ ఆటల మీద ఇంత చర్చ జరుగుతుంటే, ఒక్క తుపాకీ కూడా లేని రమ్మీ, పందెపు ఆటలు ఎన్నో కుటుంబాలను అప్పుల్లో ముంచాయి. మన తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధిస్తూ చట్టం సవరించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టం చేసింది. చట్టం ఉన్నా దొంగదారులు ఉంటాయి. కొడుకు తుపాకీ ఆట ఆడుతున్నాడని మందలించే తండ్రి, తన ఫోన్‌లో ఏముందో కూడా చూసుకోవాలి. పోరాట ఆటల్లో కూడా తుపాకీకి రంగులు, బట్టలు కొనుక్కోమని డబ్బు అడుగుతారు. మీ ఫోన్ పే, గూగుల్ పే పిన్ నంబరు పిల్లలకు చెప్పవద్దు.

ఇంట్లో ఏం చేయవచ్చు?

1. ముందు పక్కన కూర్చోండి. ఒక రోజు ఆట చూడండి, ఎలా ఆడతారో మీ బిడ్డను అడగండి. ఎవరితో ఆడుతున్నాడు, మాటల్లో బూతులు ఉన్నాయా, తెలియని పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారా తెలుస్తుంది. మీకు తెలిసిన దాన్ని గురించి చెబితేనే పిల్లవాడు వింటాడు.

2. గంటలతోపాటు ఆటల లెక్క కూడా పెట్టండి. "అరగంట" అనేకంటే "రెండు ఆటలు" అంటే వాడికి ఆపడం సులువు. ముందే ఒప్పుకున్న మాట మీద ఇద్దరూ నిలబడాలి.

3. రాత్రి తొమ్మిది తరువాత ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే చోట, పిల్లలు పడుకునే గదికి దూరంగా ఛార్జింగు పెట్టండి. అమ్మానాన్నల ఫోన్లు కూడా. పెద్దవాళ్ళు రీల్స్ చూస్తూ పిల్లలను పడుకోమంటే ఎవరూ వినరు.

4. ఆట మధ్యలో ఫోన్ లాక్కోవద్దు, పగలగొట్టవద్దు. హద్దు దాటితే మరునాటి ఆట తగ్గించండి. కోపం చల్లారాక మాట్లాడండి.

5. ఖాళీ సమయానికి బదులు ఏదైనా ఇవ్వండి. ఫోన్ తీసేసి ఏమీ ఇవ్వకపోతే పిల్లవాడు ఫోన్ కోసమే కాచుకుంటాడు. సాయంత్రం బడి మైదానంలో వాలీబాల్, చర్చి ఆవరణలో యువజనులతో ఆట, మామయ్యతో చేనుకు పోవడం, ఏదైనా సరే, తోడు ఉండాలి.

6. పత్తి చేలకు కొట్టే పురుగుల మందు ఇంట్లో పెట్టుకునేవారు దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఆవేశం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. ఈ ఒక్క పని ఎన్నో ఇళ్ళను కాపాడగలదు.

ఆసుపత్రికి ఎప్పుడు రావాలి?

ఎక్కువ ఆడే ప్రతి పిల్లవాడికీ జబ్బు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆటల వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది, అది 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. ఆ సంస్థ చెప్పిన గుర్తులు మూడు: ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో తన చేతిలో లేకపోవడం, తిండి, చదువు, స్నేహితులు అన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కళ్ళకు కనిపిస్తున్నా మానలేకపోవడం. ఇవి మామూలుగా ఏడాదిపాటు ఉండి, జీవితం దెబ్బతింటేనే జబ్బు అంటారు. అది ఆడేవారిలో కొద్దిమందికే వస్తుంది. వారిలో చాలామందికి లోపల దిగులు, ఆందోళన, ఒకచోట నిలకడ లేకపోవడం వంటి ఇబ్బందులు కూడా ఉంటాయి. వాటికి వైద్యం ఉన్నది. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో 2014 నుండి ఫోన్, ఇంటర్నెట్ వ్యసనాల కోసం ప్రత్యేక క్లినిక్ నడుస్తున్నది.

ఈ గుర్తులు కనిపిస్తే మాత్రం ఏడాది ఆగకుండా వెంటనే రండి: బడికి వెళ్ళడం మానేయడం, వారాలపాటు నిద్ర పాడవడం, స్నేహితులనందరినీ వదిలేయడం, ఇంట్లోవాళ్ళను కొట్టడం, జంతువులను హింసించడం, డబ్బు దొంగిలించడం. "నేను లేకుంటేనే మంచిగుంటది", "చచ్చిపోత" వంటి మాటలు అంటే, బెదిరిస్తున్నాడని కొట్టిపారేయవద్దు. ఒంటరిగా వదలవద్దు. పక్కన కూర్చుని, "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నదా బిడ్డా?" అని నేరుగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. దాచుకున్న బరువు దిగుతుంది. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలు ఆపదలో ఉంటే 1098 ఉన్నది.

తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు ఆటలో ఎంతమందిని కాల్చాడో లెక్కపెట్టవద్దు. వాడు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఈ వారం ఎవరితో నవ్వాడు, ఇంట్లో ఎవరి చేయి ఎవరి మీద లేచింది, ఇవి చూడండి. వీటికి మంచి జవాబులు ఉన్న ఇంట్లో ఫోన్‌లోని ఆట ఆటగానే ఉంటుంది. జవాబులు మంచివి కాకపోతే, ఫోన్‌ను తిట్టడం ఆపి మా దగ్గరికి రండి. కలిసి మాట్లాడుకుందాం.